ప్రెసిడెంటు గారి మూడు వేలు

ఎమ్మెల్యేకి నెలకు జీతం ఎంతొస్తుందో మా పెనుగొండలో ఏ టీ కొట్టు దగ్గరైనా అడిగి చూడండి. ఒకరు లక్ష అంటారు, ఇంకొకరు నాలుగు లక్షలంటారు, మూడో మనిషి "వాళ్లకి జీతాలు కూడా ఉంటాయేంటండీ?" అని నిజంగానే ఆశ్చర్యపోతాడు. అదే, ఎమ్మెల్యేగా నిలబడాలంటే ఎంత కావాలో అడగండి. చేపల చెరువు లీజు ధర చెప్పినంత ధీమాగా చెబుతారు. పోయినసారికీ ఈసారికీ ఎంత పెరిగిందో కూడా కలిపి చెబుతారు. ఆ అంకె ఇక్కడ రాయను. రుజువులేని పద్దు. కానీ ఒక కొలువులో చేరడానికి అయ్యే ఖర్చు ఊరందరికీ నోటికొచ్చి, ఆ కొలువు జీతం ఒక్కరికీ తెలియదంటే, ఆ కొలువు ఎలాంటిదో కొంత అర్థమైనట్టే.

పెనుగొండ అంటే పైవాళ్లకి వాసవీ కన్యకా పరమేశ్వరి గుడి. ఊళ్లోవాళ్లకి దాంతోపాటు అంగళ్లు, గుమాస్తాలు, చిట్టా ఆవర్జాలు. ఇక్కడ పెరిగినవాడికి దేన్నయినా జమాఖర్చుల్లో పెట్టి చూసే అలవాటు ఒకంతట పోదు. కాబట్టి అలాగే చూద్దాం. 2016 మార్చిలో మన శాసనసభ చేసుకున్న సవరణతో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే జీతభత్యాలు నెలకు 95 వేల నుంచి 1.25 లక్షలకు పెరిగాయి. ఇంటి అద్దె కింద మరో 50 వేలు. అన్నీ కలిపి 1.75 లక్షలు, అయిదేళ్లకు 1.05 కోట్లు. పెద్ద రాష్ట్రాల్లో ఎమ్మెల్యే అభ్యర్థికి ఎన్నికల సంఘం పెట్టిన ఖర్చు పరిమితి 40 లక్షలు. కాగితం మీద గిట్టుబాటు బేరమే. టీ కొట్టు లెక్కలో మాత్రం జీతం చిల్లర పద్దు, దాన్ని ఎవరూ రాసుకోరు.

టీ కొట్టు సంగతి అలా ఉంచితే, అభ్యర్థులు ఆస్తుల అఫిడవిట్లు ఇవ్వాలని సుప్రీంకోర్టు ఖాయం చేసినప్పటి నుంచి, అంటే 2003 నుంచి, మనకు చేతిలో కాగితాలున్నాయి. ఆ అఫిడవిట్లను ముందేసుకుని ఫిస్మన్, షుల్జ్, విగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు గెలిచినవాళ్ల ఆస్తిని, వాళ్ల మీద పోటీచేసి ఓడినవాళ్ల ఆస్తిని పక్కపక్కన పెట్టి చూశారు. గెలిచినవాళ్ల ఆస్తి ఏటా 3 నుంచి 5 శాతం ఎక్కువ వేగంతో పెరిగింది. మంత్రులైతే ఇంకా ఎక్కువ. ఇదంతా వాళ్లు సంతకం పెట్టి, ఒప్పుకుని చూపించిన ఆస్తి మాత్రమే.

ఇలాంటి చోట జీతం పెంచితే మంచి పాలన వస్తుందా, తగ్గిస్తే వస్తుందా అని వాదించుకోవడం నాకు కొంచెం వింతగా ఉంటుంది. అయినా వాదన ఉంది, పాతది, రెండు వైపులా పెద్దవాళ్లే ఉన్నారు. మన తెలుగువాళ్లకి మాత్రం ఒకవైపే మనసు లాగుతుంది. రూపాయి జీతం.

1983లో ఎన్టీ రామారావు ముఖ్యమంత్రిగా నెలకు ఒక్క రూపాయే తీసుకుంటానన్నప్పుడు మా ఇళ్లల్లో ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. 2019లో జగన్‌మోహన్ రెడ్డి కూడా రూపాయే అన్నారు. 2024లో ఉప ముఖ్యమంత్రి అయిన పవన్ కల్యాణ్, ఖజానా ఖాళీగా ఉంటే జీతం తీసుకోవడానికి మనసొప్పలేదని పిఠాపురం నియోజకవర్గం సభలోనే చెప్పారు. పక్క రాష్ట్రంలో జయలలిత 1991 నుంచి అయిదేళ్లు రూపాయి జీతం మీదే ముఖ్యమంత్రిగా ఉన్నారు. ఆ అయిదేళ్లలో కూడిన ఆస్తుల మీద పడిన కేసులో 2014లో బెంగళూరు ప్రత్యేక కోర్టు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేసింది. పైకోర్టుల్లో అది కొట్టేసి, మళ్లీ నిలబడి, తీర్పు తేలేసరికి ఆమే లేరు.

ఈ నలుగురినీ ఒక గాట కట్టడం నా ఉద్దేశం కాదు. నలుగురికీ ఉమ్మడిగా ఉన్నది ఒకటే. రూపాయి తీసుకున్నా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఒకరికి సినిమాలు, ఒకరికి పరిశ్రమలు. రూపాయి జీతం తీసుకోగలగడం ఒక స్తోమత. దాన్ని త్యాగమని మెచ్చుకుంటూ పోతే, ఆ స్తోమత లేనివాడు నెలాఖరుకి జీతం తీసుకోవడమే ఏదో తక్కువ పనిలా కనిపించడం మొదలవుతుంది. మన దగ్గర అది ఇప్పటికే మొదలైంది. జీతం కోసం రాజకీయాల్లోకి వచ్చానని చెప్పే మొనగాడు ఒక్కడైనా మీకు తగిలాడా? సేవ కోసం వచ్చినవాళ్లే అందరూ.

అసలైన తక్కువ జీతం ప్రయోగం ఒకటి జరిగింది, 1937లో. మంత్రులు ఎవరైనా సరే నెలకు 500 రూపాయలకు మించి తీసుకోరాదని 1931 కరాచీ కాంగ్రెస్‌లో అనుకున్నారు. ఆరేళ్లకు మద్రాసులో రాజాజీ మంత్రివర్గం ఏర్పడ్డప్పుడు ఆ మాట నిలబెట్టుకున్నారు. అంతకుముందు అదే కుర్చీల్లో కూర్చున్న మంత్రుల జీతం నాలుగు వేలకు పైమాటే. రెవెన్యూ మంత్రి టంగుటూరి ప్రకాశం. రాజమండ్రిలో ప్లీడరుగా, మద్రాసులో బారిస్టరుగా ఆయన సంపాదించిన దాని ముందు ఈ 500 ఏ మూలకి? ఆయన ఫైళ్లు తెచ్చి ముందుపెట్టే ఐసీఎస్ అధికారుల జీతాలు ఆయన జీతానికి ఎన్నో రెట్లు. అయినా ఆ మంత్రివర్గం ఉన్న రెండేళ్ల చిల్లరలో జమీందారీ రైతుల బాధల మీద ఆయన అధ్యక్షతన కమిటీ వేశారు, జమీందారీ జిల్లాల రైతుల సాక్ష్యాలు పోగేసి 1938లో నివేదిక పెట్టారు. జమీందారీలు పోవడానికి దారి పడింది అక్కడే. 1957లో పోయేనాటికి ఆ మనిషి దగ్గర ఆస్తి అని చెప్పుకోవడానికి ఏమీ లేదు.

చూశారా, తక్కువ జీతంతోనే మంచి పాలన వచ్చింది అనేవాళ్లకి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. నాకు అక్కరుంది. 1937లో ఆ కుర్చీల దాకా వచ్చినవాళ్లు ఏ జల్లెడలోంచి వచ్చారు? జైలు. ప్రాక్టీసు వదులుకుని, లాఠీలకు ఎదురెళ్లి, కటకటాల వెనక కూర్చుని వచ్చినవాళ్లకి 500 ఇచ్చినా ఒకటే, 5,000 ఇచ్చినా ఒకటే. జల్లెడ మారాక జీతం అలాగే ఉంచితే అదే రకం మనుషులు రాలతారని ఎవరు చెప్పారు?

కమ్యూనిస్టులు తమ జల్లెడ తాము పెట్టుకున్నారు. ఎమ్మెల్యే జీతం పార్టీకి జమ, పార్టీ ఇచ్చే భత్యంతో కాపురం. వాటాకొచ్చిన ఆస్తిని ఉద్యమానికి ధారపోసిన పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకి సైకిలు మీద వెళ్లేవారన్నది ఇంటింటా తెలిసిన కథ. ఇల్లందు నుంచి అయిదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య బస్సుల్లోనే తిరిగారు. అలాంటివాళ్లను తలుచుకుని మురిసిపోవడం మనకు బాగా వచ్చు. ఓటెయ్యడం దగ్గరే ఎందుకో చెయ్యి వణుకుతుంది.

జీతం అసలెందుకు పెట్టారన్నది ఒకసారి గుర్తుచేసుకుంటే మంచిది. ఇంగ్లండులో కూలివాళ్ల ఓటు కోసం పోరాడిన చార్టిస్టులు 1838లో పెట్టిన ఆరు డిమాండ్లలో పార్లమెంటు సభ్యులకు జీతం ఒకటి. జీతం లేకపోతే జమీందారు, మిల్లు యజమాని తప్ప కూలివాడు సభలో కూర్చోలేడని వాళ్ల వాదన. డెబ్భై ఏళ్లు పోరాడితే 1911లో ఏడాదికి 400 పౌన్లు వచ్చాయి. మన దగ్గర 1954 చట్టంతో ఎంపీకి నెలకు 400 రూపాయలు, సభ జరిగిన రోజున 21 రూపాయల భత్యం. పేదవాడు సభలో కూర్చోవడానికి పెట్టిన ఆసరా అది. ఇప్పుడు ఆ ఎంపీ జీతం 1.24 లక్షలు. 2024లో గుంటూరు నుంచి గెలిచిన పెమ్మసాని చంద్రశేఖర్, అమెరికాలో డాక్టరుగా, వ్యాపారవేత్తగా సంపాదించి వచ్చిన మనిషి, అఫిడవిట్లో చూపించిన కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైచిలుకు. ఆయన సమర్థుడు కాడని కాదు, దాచుకోలేదు కూడా. ఆ 1.24 లక్షలు ఆయన్ని రమ్మనలేదు, వద్దనలేదు. అది ఆయన లెక్కలోకే రాదు. చార్టిస్టులు ఎవరి కోసం అడిగారో ఆ మనిషి లెక్కలోకీ రాదు, ఎందుకంటే అతను నామినేషను దాకానే రాలేడు.

సింగపూరు వాళ్లు రెండో కొసకు వెళ్లారు. 1994 నుంచి మంత్రుల జీతాన్ని ప్రైవేటులో బాగా సంపాదించేవాళ్ల ఆదాయానికి ముడిపెట్టారు. 2012లో బాగా కోత పెట్టాక కూడా కొత్త మంత్రికి ఏడాదికి 11 లక్షల సింగపూరు డాలర్లు. పాలన శుభ్రంగానే ఉంది. అయినా 2024లో ఈశ్వరన్ అనే మంత్రి కారు పందేల టికెట్ల లాంటి బహుమతులు పుచ్చుకుని ఏడాది జైలుకి వెళ్లాడు. అంత జీతం ఉన్నవాడికి టికెట్టు కొనుక్కోవడానికి ఏమొచ్చింది అని మనం నవ్వుకోవచ్చు. వాళ్లు మాత్రం నవ్వుకోకుండా జైల్లో పెట్టారు. అక్కడ పని చేసింది జీతమా, జైలా అంటే నేను రెండోదాని వైపే మొగ్గుతాను.

అందుకే పై అంతస్తులో జీతం గొడవ నాకంత పట్టదు. పట్టేది కింది అంతస్తు.

మాకు దిగువన, నరసాపురం పక్కన మాధవాయిపాలెం ఉంది. ఈస్టిండియా కంపెనీ బట్టల వర్తకానికి పెట్టుకున్న కొటారు ఒకప్పుడు అక్కడ ఉండేది. కంపెనీలో కొత్తగా చేరిన రైటరు, అంటే గుమాస్తా, జీతం ఏడాదికి అయిదో పదో పౌన్లు. అంత జీతానికి సముద్రాలు దాటి, జ్వరాల దేశానికి ఎందుకొస్తారు? సొంత వ్యాపారం చేసుకోనిచ్చేవారు కాబట్టి. కంపెనీ పేరు మీద ఒక మూట, తన పేరు మీద నాలుగు మూటలు. అలా వెనకేసుకుని ఇంటికి పోయి భూములు కొన్నవాళ్లను అక్కడ నవాబులని ఎగతాళి చేసేవారు. ఈ దోపిడీ శ్రుతి మించాక కలకత్తాకి గవర్నర్ జనరల్‌గా కారన్‌వాలీసు వచ్చి, కలెక్టరుకి నెలకు 1,500 రూపాయల జీతం, వసూళ్ల మీద ఒక శాతం దాకా కమీషను ఖాయం చేసి, సొంత వ్యాపారం కట్టెయ్యమన్నాడు. అది పని చేసింది. తెల్ల కలెక్టరు కొంత నికార్సుగా మారాడు. కానీ జీతం పెంచింది పై అంతస్తుకే. 1793 చార్టరు చట్టంతో ఏడాదికి 500 పౌన్లు దాటే ఉద్యోగాలన్నీ కంపెనీ తెల్ల ఉద్యోగులకే మిగిలాయి. కింద పని చేసే మనవాళ్లకు అరాకొరా జీతాలు, అరాకొరా గౌరవం. ఆ తర్వాత నూరేళ్లు, నల్లవాడికి లంచం పుట్టుకతో వస్తుందని తెల్లవాళ్లు పుస్తకాలు రాశారు.

ఆ కింది అంతస్తులో ఆఖరి మెట్టు మన కరణం. జీతం నామమాత్రం. అయినా ఆ కరణీకం కోసం దాయాదులు కోర్టుల చుట్టూ తిరిగేవారు. కళ్లాల దగ్గర వచ్చే గింజలు, పట్టా మార్పుకి చేతిలో పడేది, అడంగల్లో ఒక పేరు బదులు ఇంకో పేరు పడితే వచ్చేది, ఇవే అసలు జీతం. జీతం ఇవ్వని సర్కారు, నీ జీతం నువ్వే వసూలు చేసుకో అని ఊరి మీదికి వదిలినట్టు. మా బజార్లో పాత షావుకారు ఒకాయన అనేవారు, గుమాస్తాకి చాలినంత ఇవ్వని షాపులో గల్లాపెట్టెకి రెండో తాళం కొనాలి, ఆ తాళం ఖరీదు జీతంలో మిగిలిన దానికంటే ఎక్కువ అని. 1984లో రూపాయి జీతం ముఖ్యమంత్రే వంశపారంపర్య కరణాల్ని, మునసబుల్ని తీసేశారు. మంచిదే. ఆ మెట్టు మీదికి తర్వాత ఎవరొచ్చినా ఊరివాళ్లు పాత అలవాటునే చూశారన్నది వేరే కథ.

ఇప్పుడు ఆ మెట్టు మీద ఉన్నది సర్పంచి. మా గోదావరి జిల్లాల్లో సర్పంచి అని ఎవరూ అనరు, ప్రెసిడెంటు గారంటారు. 2021 ఫిబ్రవరిలో గెలిచిన ప్రెసిడెంటు గారికి గౌరవ వేతనం నెలకు 3,000. ఎంపీటీసీ సభ్యుడికీ అంతే. వార్డు మెంబరుకి గౌరవం ఒక్కటే, వేతనం లేదు. 2019 నుంచి 2024 దాకా ఆ ప్రెసిడెంటు ఊళ్లోనే తిరిగిన వలంటీరుకి ఇచ్చింది నెలకు 5,000. అదే ఊరి సచివాలయంలో కొత్తగా చేరిన ఉద్యోగికి ప్రొబేషన్లోనే 15 వేలు. 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 అయింది. ఒకటో తారీఖు పొద్దున్నే అవ్వ చేతిలో 4,000 పెట్టి ఫోటో దిగే ప్రెసిడెంటుకి నెలకు వచ్చేది అవ్వకంటే వెయ్యి తక్కువ. ఉపాధి హామీ కూలి 2025లో రోజుకి 307 రూపాయలు. అంటే ప్రెసిడెంటు గారి నెల జీతం పది రోజుల మట్టిపని.

ఇదేం పట్టింపు, వాళ్లేమైనా జీతం చూసి వస్తారా అంటారేమో. పది వేల జనాభా దాటిన ఊళ్లో సర్పంచి అభ్యర్థి 2.5 లక్షల దాకా ఖర్చు పెట్టుకోవచ్చని 2021లో ఎన్నికల సంఘమే చెప్పింది. అయిదేళ్ల గౌరవ వేతనం మొత్తం కలిపితే 1.8 లక్షలు. చట్టం ఒప్పిన ఖర్చే, చట్టం ఇచ్చే జీతంతో తీరదు. మిగతాది ఎవరు పెడతారు? పెట్టగలిగినవాడు. పెట్టినవాడు ఊరుకుంటాడా?

పంచాయతీల్లో సగం సీట్లు ఆడవాళ్లకి, మిగతా రిజర్వేషన్లు వేరే. ఊళ్లో వచ్చిన ఈ మార్పు చిన్నది కాదు. నలభై ఏళ్ల క్రితం పెద్దవాళ్ల అరుగు ఎక్కే వీలులేని ఇళ్ల నుంచి ఇప్పుడు ప్రెసిడెంట్లు వస్తున్నారు. కుర్చీ దాకా చట్టం తీసుకొచ్చింది. కుర్చీలో నిలబెట్టే డబ్బులు మాత్రం చట్టం దగ్గర లేవు. అక్కడే వ్యవహారం జారిపోతుంది.

ఇక్కడికి ఆటో దూరంలో ఒక ఊరు. పేరొద్దు. ప్రెసిడెంటు ఆవిడ ఊడుపులకి, కోతలకి వెళ్లే మనిషి. ఎన్నిక ఖర్చంతా ఊళ్లో ఒక పెద్దాయన చూసుకున్నారు. గెలిచాక ఆవిడ పొలం పని మానెయ్యాల్సి వచ్చింది. ప్రెసిడెంటు గారు ఊడుపుల్లో ఉంటే బాగుండదని అందరూ అన్నారు, ఆ కూలి డబ్బులు తామిస్తామని ఎవరూ అనలేదు. పొద్దున ఆరింటికి కుళాయి రాలేదని ఒకరు, మురిక్కాలవ పొంగిందని ఇంకొకరు. వీధిలైటు మాడిపోతే ఫోను. పైనుంచి ఆఫీసరు వస్తే కాఫీ టిఫిను ప్రెసిడెంటే చూసుకోవాలి. చావుకెళితే చేతిలో అయిదొందలైనా పెట్టాలి, పెళ్లికెళితే చదివింపులు. మూడు వేలు మొదటి వారంలోనే చెల్లు. తర్వాత మళ్లీ ఆ పెద్దాయన గుమ్మం.

పంచాయతీ బిల్లు పాస్ కావాలంటే ఇప్పుడు చెక్కు మీద సంతకం కాదు. ప్రెసిడెంటు పేరు మీద డిజిటల్ సంతకం ఉంటుంది, పెన్‌డ్రైవు లాంటి చిన్న వస్తువు, వీళ్లందరూ దాన్ని "కీ" అంటారు. దాన్ని కంప్యూటరుకి గుచ్చితేనే డబ్బు కదులుతుంది. ఆ కీ నేను చూశాను. ఎర్రదారం కట్టి, పెద్దాయన కారు తాళాలతో పాటు ఆయన జేబులో ఉంది. అవినీతి అని దాన్ని నేననలేను. దొంగతనం అసలే కాదు. ఆవిడే ఇచ్చింది. పెట్టుబడి పెట్టినవాడికి రసీదు ఇచ్చినట్టు.

ఇటలీలో ఊరి మేయరు జీతం జనాభాని బట్టి ఉంటుంది. 5,000 దాటిందంటే జీతం ఒక్కసారిగా పెరుగుతుంది. 4,900 మంది ఉన్న ఊరికీ 5,100 మంది ఉన్న ఊరికీ తేడా ఏముంటుంది, ఆ జీతం తప్ప? గాలియార్దుచ్చి, నన్నిచీని అనే ఇద్దరు ఈ గీతకి అటూ ఇటూ ఉన్న ఊళ్లను పోల్చారు. జీతం ఎక్కువ ఉన్న ఊళ్లలో ఎక్కువ చదువుకున్నవాళ్లు పోటీకి వచ్చారు, పంచాయతీ ఖర్చూ అదుపులోకి వచ్చింది. గమ్మత్తేమిటంటే మనకీ 5,000 గీత ఒకటుంది, ఇంకో పనికి. 2021లో పోటీ లేకుండా ఏకగ్రీవం చేసుకుంటే 2,000 లోపు ఊరికి 5 లక్షలు, 5,000 లోపు ఊరికి 10 లక్షలు, 5,000 దాటితే 15 లక్షలు, 10 వేలు దాటితే 20 లక్షలు బహుమతి ప్రకటించారు. ఇటలీ వాళ్లు ఎక్కువమంది పోటీకి రావడానికి డబ్బు పెట్టారు. మనం ఎవరూ రాకుండా ఉండడానికి పెట్టాం.

ఎమ్మెల్యేల జీతం ఎంతో ఎమ్మెల్యేలే తేల్చుకోవచ్చని రాజ్యాంగం 195వ అధికరణం చెబుతోంది. ఆ బిల్లు వచ్చిన రోజున సభలో కొట్లాట చూసినట్టు గుర్తుంటే చెప్పండి. 2016 మార్చిలోనే తెలంగాణ సభ కూడా తమ సభ్యుల మొత్తాన్ని 2.5 లక్షలకు తెచ్చుకుంది. ఎంపీలు 2018లో ఇంకా తెలివిగా తమ జీతాన్ని ధరల సూచీకి ముడేసుకున్నారు, అయిదేళ్లకోసారి దానంతటదే పెరుగుతుంది, ఎవరూ చెయ్యెత్తక్కర్లేదు. సభకు రాకుండా జీతం తీసుకోవడమేమిటని స్పీకరు అయ్యన్నపాత్రుడు ఈమధ్య అడుగుతున్నారు, న్యాయమైన ప్రశ్నే. ప్రెసిడెంటు గారి మూడు వేలని మాత్రం ఏ సూచీకీ ముడెయ్యలేదు. పైగా 2021 తర్వాత ఆర్థిక సంఘం నిధులు కరెంటు బకాయిలకు పోయాయని ఈ ప్రెసిడెంట్లే రోడ్డెక్కాల్సి వచ్చింది. వాళ్లకి జీతం పెంచే అధికారం ఉన్నవాళ్లు పై అంతస్తులో ఉన్నారు. కింది మెట్టు మీద తన కాళ్ల మీద తాను నిలబడే మనిషి ఉండడం పై అంతస్తుకి ఎంతవరకు ఇష్టమో, అది వాళ్లనే అడగాలి.

నేను ప్రెసిడెంటు ఆవిడనే అడిగాను. నెలకు ముప్ఫై వేలు ఇస్తే ఎలా ఉంటుందమ్మా అని.

ఆవిడ నవ్వింది. "ముప్ఫై వేలిస్తే ఈ సీటు నాదాకా ఎందుకొస్తుందండి మేష్టారూ? జనరల్ మహిళ సీటది. వాళ్లిళ్లల్లో ఆడాళ్లు లేరేంటి? మూడు వేలు కాబట్టే నన్ను వెతుక్కున్నారు."

నేను ఇటలీ సంగతి చెప్పబోయి ఊరుకున్నాను. ఆవిడ లేచి, అరుగు మీద కాఫీ గ్లాసులు తీస్తూ, "అయినా ఇమ్మనండి, ఎవరో ఒకరికి పనికొస్తాయి," అంది. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. "ముప్ఫై వేల మాట తర్వాత. ముందు ఆగిపోయిన ఆ మూడు వేలు ఎప్పుడేస్తారో కనుక్కుని చెబుదురూ, ఆఫీసులో మీ శిష్యులెవరన్నా ఉంటే."